పుట్టింటి తలుపు

ఆడపిల్లకి పుట్టినిల్లు, మెట్టినిల్లు అని రెండిళ్ళుంటాయనీ, మగవాడికి ఆ ఇబ్బంది లేదనీ మనం అనుకుంటూ ఉంటాం. పుట్టిన ఇంట్లోనే పెరిగి, పెళ్ళాన్ని కూడా ఆ ఇంటికే తెచ్చుకుని, అమ్మ చేతి చారూ భార్య చేతి కూరా ఒకే కంచంలో తింటూ హాయిగా బతికేస్తాడు మగవాడు. చాలామంది సంగతి అదే. కాని పుట్టింట్లో కూర్చోవడానికి పీటైనా వెయ్యకపోతే, ఆరువేల మైళ్ళు దాటి పరాయి ఇంటికి వెళ్ళి, అక్కడ మంచి పేరు తెచ్చుకుని, ఆ ఇంటివాళ్ళతో కలిసి చుట్టపుచూపుగా పుట్టింటికి బయల్దేరితే, మొహాన తలుపు వేయించుకున్న మగవాడు ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు బాసిల్ డొలివెరా. ఆ తలుపు వేసిన చప్పుడు ప్రపంచమంతా వినిపించింది. వేసినవాళ్ళ ఇల్లే ఇరవై రెండేళ్ళు వెలివాడ అయిపోయింది.

ఆయన క్రికెట్ ఆటగాడు. “అయ్యో, క్రికెట్టా!” అని పేజీ తిప్పేయకండి. కథలో బంతీ బ్యాటూ ఉన్నాయిగాని, అసలు కథ వాటిది కాదు. మా ఇంట్లో టెస్టు మ్యాచి జరిగే ఐదు రోజులూ ట్రాన్సిస్టరు మగవాళ్ళ చెవికి అతుక్కుపోయి ఉండేది. కాఫీ పట్టుకెళితే గ్లాసు అందుకునే చెయ్యి ముందుకొచ్చేదిగాని, మొహం ఇటు తిరిగేది కాదు. అలా కాఫీలు అందిస్తూ, వంటింట్లోంచి వింటూనే నాకూ ఈ ఆట కాస్తో కూస్తో పట్టుబడింది. ఇంగ్లండు జట్టు పేర్లు చదువుతుంటే ఈ డొలివెరా అన్నది మాత్రం నాకు వింతగా వినిపించేది. ఆ పేరు వెనకాల ఇంత చరిత్ర ఉందని చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నాను.

బాసిల్ డొలివెరా దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో 1931 అక్టోబరు 4న పుట్టాడు. సిగ్నల్ హిల్ అనే కొండ వాలున, రకరకాల జాతులు కలిసిపోయిన సామాన్యుల పేటలో పెరిగాడు. ఆ దేశంలో మనిషిని ముందు రంగుని బట్టి లెక్కగట్టేవారు. తెల్లవారు ఒక తరగతి, నల్లవారు ఒక తరగతి, మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళు ఇంకో తరగతి, వీళ్ళెవరిలోనూ చేరని మిశ్రమ జాతివాళ్ళని ‘కలర్డ్’ అని మరో తరగతి. డొలివెరా కుటుంబం ఈ ఆఖరి గడిలో పడింది. 1948లో నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చాక, వాడుకలో ఉన్న ఈ అంటూ సొంటూ అంతా చట్టాలయి కూర్చుంది. ఎవరు ఏ పేటలో ఉండాలో, ఏ బడిలో చదవాలో, ఏ బల్ల మీద కూర్చోవాలో, సముద్రంలో ఏ ఒడ్డున కాళ్ళు తడుపుకోవాలో అన్నీ రంగుని బట్టే. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు అపార్తీడ్.

ఇది మనకి అంత దూరపు ముచ్చటేమీ కాదు. 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ కూలీలతో డర్బన్ చేరింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వెళ్ళిన ఓడల్లో మన కోస్తా జిల్లాల తెలుగువాళ్ళు ఎంతమందో ఉన్నారు. చెరుకు తోటల్లో పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయారు. గాంధీగారిని రైల్లోంచి దింపేసిన దేశమూ అదే. అందుకే 1946లోనే, స్వాతంత్ర్యం ఇంకా చేతికి అందకముందే, మన దేశం దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుంది.

అలాంటి దేశంలో ఈ పిల్లవాడికి క్రికెట్ పిచ్చి పట్టింది. ఆడడానికి మైదానం ఏదీ? గులకరాళ్ళు తేలిన బీడు నేల. దాన్ని చదును చేసి, పైన చాప పరుచుకుని ఆడేవారు. ఒక్కో బీట్లో ఎన్నో జట్లు ఒకేసారి ఆడుతుంటే ఎవరి బంతి ఎవరిదో తెలిసేది కాదు. కేప్‌టౌన్‌లోనే న్యూలాండ్స్ అనే అందమైన మైదానం ఉంది. ఒక పక్క టేబుల్ మౌంటెన్, పచ్చటి గడ్డి, పెద్ద చెట్లు. అక్కడ ఆడే హక్కు తెల్లవాళ్ళది. మిగతావాళ్ళు ఒక మూల తమకి కేటాయించిన కంచె వెనక కూర్చుని చూడొచ్చు. ఆ కంచె వెనకవాళ్ళు ఎప్పుడూ తమ దేశం ఓడిపోవాలని, వచ్చిన విదేశీ జట్టు గెలవాలని కోరుకునేవారట. ఇంట్లో అన్నం పెట్టని తల్లికి జే కొట్టమంటే ఎవరు కొడతారు చెప్పండి?

డొలివెరా పగలంతా ఒక అచ్చాఫీసులో పనిచేసేవాడు. సెలవు రోజున ఆడేవాడు. తెల్లవారు కానివాళ్ళ పోటీల్లో ఆయన పరుగులకి లెక్కే లేదు. 1950ల చివరికల్లా ఆ జట్టుకి కెప్టెనయి తూర్పు ఆఫ్రికా కూడా వెళ్ళి గెలిచి వచ్చాడు. కాని ఆ ఆటలు ఏ రికార్డు పుస్తకంలోనూ ఎక్కవు. సొంత దేశం జట్టులో చోటు అన్నది కలలో మాట.

అప్పుడాయన ఒక పని చేశాడు. ఇంగ్లండులో బి.బి.సి. రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పే జాన్ ఆర్లట్ గొంతు ఆయనకి తెలుసు. మనిషిని ఎన్నడూ చూడలేదు. ఆ గొంతులో ఏదో దయ వినిపించిందట. 1958లో ఆ గొంతుకి ఉత్తరం రాశాడు. ఆకుపచ్చ సిరాతో, కుదురైన అక్షరాలతో, “నాకు మీ దేశంలో ఆడే అవకాశం ఏదైనా చూపించగలరా?” అని. మనం రేడియో అన్నయ్యకీ అక్కయ్యకీ ఉత్తరాలు రాసిన వాళ్ళమే కదా, ఆ నమ్మకం ఎలాంటిదో మనకి తెలుసు. తేడా ఏమిటంటే ఈ ఉత్తరానికి జవాబు వచ్చింది. ఆర్లట్ 1948-49లో దక్షిణాఫ్రికా వెళ్ళినప్పుడు అక్కడి తీరు కళ్ళారా చూసినవాడు. తిరిగి వచ్చేటప్పుడు కాగితం మీద ‘మీ జాతి’ అన్న చోట ‘మనిషి’ అని రాసినవాడంటారు. ఆయన ఈ ఉత్తరాన్ని పక్కన పడెయ్యలేదు. కాని ఎవరినడిగినా “చాపల మీద ఆడే కుర్రవాడికి ఇక్కడ ఎవరు డబ్బిస్తారు?” అన్నారు. రెండేళ్ళు ప్రయత్నించాడు.

1960లో ఒక తలుపు తెరుచుకుంది. మాంచెస్టర్ దగ్గర మిడిల్టన్ అనే చిన్న ఊరి క్లబ్బు వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ వెస్ హాల్‌ని కుదుర్చుకుందామనుకుంటే ఆయన రాలేనన్నాడు. ఆట మొదలవడానికి వ్యవధి లేదు. ఆ ఖాళీలో డొలివెరాని పెట్టించారు. సీజను మొత్తానికి జీతం 450 పౌన్లు. విమానం టిక్కెట్టు ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి. టిక్కెట్టుకే సుమారు 200 పౌన్లు!

ఇక్కడే నాకు ఈ కథలో చాలా ఇష్టమైన ఘట్టం. అప్పటికి బాసిల్‌కి పెళ్ళయి మూడు నెలలు. భార్య నయోమికి నెల తప్పింది. చేతిలో పైసా లేదు. అలాంటి సమయంలో పేటంతా కదిలింది. చందాలు వేసుకున్నారు. లాటరీ టిక్కెట్లు అమ్మారు. సహాయార్థం మ్యాచీలు పెట్టారు. తెల్ల ఆటగాళ్ళు కొందరు కూడా వచ్చి ఆ మ్యాచిలో ఆడారు. ఆ చందా వేసినవాళ్ళలో ఎవరికీ రేపటి సరుకులకి డబ్బు మిగిలి ఉండి ఉండదు. అయినా ఇచ్చారు. మనవాడొకడు బయటికి వెళ్ళి, మనమూ మనుషులమేనని చూపించి రావాలని ఇచ్చారు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో నిరాయుధులైన జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే 69 మంది చచ్చిపోయారు. దేశమంతా భయంతో గజగజలాడుతున్న ఆ రోజుల్లోనే, ఏప్రిల్ 1న, బాసిల్ విమానం ఎక్కాడు.

లండన్‌లో దిగగానే ‘తెల్లవారు కానివాళ్ళు వెళ్ళే తలుపు ఎటు?’ అని వెతుక్కున్నాడట. అలాంటి తలుపే లేదు. హోటల్లో తెల్లవాడు వచ్చి ఆయనకి భోజనం వడ్డించాడు. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో జీవితంలో మొదటిసారి! మిడిల్టన్‌లో ఆట మొదలయింది. తడి నేల, చలిగాలి, పచ్చిగడ్డి మీద జారే బంతి. మొదటి ఐదు ఇన్నింగ్సుల్లో కలిపి చేసినవి 25 పరుగులు. మన పిల్ల కొత్తగా కాపురానికి వెళ్ళి, ఆ ఇంటి పొయ్యి అంటుకోక, ఆ ఊరి బియ్యం ఉడకక, నలుగురి ముందూ తల దించుకునే రోజులు గుర్తొస్తాయి నాకు. క్లబ్బువాళ్ళు ఓపిక పట్టారు. ఆయన చలిలో నిలబడి ఆ నేల మీద బంతి ఎలా తిరుగుతుందో నేర్చుకున్నాడు. సీజను ముగిసేసరికి 930 పరుగులు, 71 వికెట్లు. ఆ లీగులో ఆడుతున్న మహానుభావుడు గ్యారీ సోబర్స్ కంటే సగటులో ఈయనే పైన!

ఆ ఏడాది చివర కేప్‌టౌన్ తిరిగి వెళ్ళినప్పుడు వీధుల నిండా జనం. ఇంట్లో పుట్టిన మగపిల్లవాడు డామియన్. మరుసటి ఏడు భార్యనీ బిడ్డనీ తీసుకుని మిడిల్టన్ వెళ్ళి కాపురం పెట్టాడు. పుట్టిల్లు వదిలి, చుట్టాలెవరూ లేని చలిదేశంలో, చంకలో పసిబిడ్డతో సంసారం దిద్దుకున్న నయోమి గురించి క్రికెట్ పుస్తకాల్లో నాలుగు వాక్యాల కంటే ఎక్కువ దొరకవు. ఆటగాళ్ళ భార్యల సంగతి ఎక్కడైనా అంతే.

1964లో పెద్దస్థాయి కౌంటీ క్రికెట్‌కి ఎదిగి వూస్టర్‌షైర్‌లో చేరాడు. మరుసటి ఏడు ఆ కౌంటీ ఛాంపియన్. 1966లో లార్డ్స్ మైదానంలో వెస్టిండీస్ మీద ఇంగ్లండు తరఫున ఆడాడు. ఇంగ్లండు జనం ఆయన్ని ముద్దుగా ‘డాలీ’ అని పిలుచుకున్నారు. ఒక రహస్యం చెబుతాను. వయసు దాచేది ఆడవాళ్ళే అని మనల్ని ఆడిపోసుకుంటారు కదా! ఈయన మూడేళ్ళు తగ్గించి చెప్పాడు. అసలు వయసు ముప్ఫై నాలుగని తెలిస్తే, ఆ వయసులో ఎవరు తొలిసారి తీసుకుంటారు? ఆయన యౌవనం ఆ చాపల మీద ఖర్చయిపోయింది. అందులో కొంత వెనక్కి రాబట్టుకున్నాడు. దాన్ని అబద్ధం అనడానికి నాకు నోరు రాదు.

1967లో మన జట్టు ఇంగ్లండు వెళ్ళినప్పుడు లీడ్స్‌లో డొలివెరా తన మొదటి టెస్టు సెంచరీ కొట్టాడు, 109 పరుగులు. ఆ మ్యాచిలోనే మన కెప్టెన్ పటౌడీ నవాబు 148 కొట్టాడు. ఆయన అప్పుడు రంజీ పోటీల్లో హైదరాబాద్ తరఫున ఆడుతున్నవాడే. అదే మ్యాచిలో ఇంగ్లండు ఆటగాడు బాయ్‌కాట్ 246 కొట్టి కూడా, మరీ నిదానంగా ఆడాడని తర్వాతి మ్యాచిలోంచి ఊడిపోయాడు. సెలెక్టర్ల మనసు అత్తగారి మనసులాంటిది. ఎప్పుడు దేనికి ముడుచుకుంటుందో చెప్పలేం. ఆ సంగతి మరుసటి ఏడు డొలివెరాకి బాగా తెలిసొచ్చింది.

1968 చలికాలంలో ఇంగ్లండు జట్టు దక్షిణాఫ్రికా వెళ్ళాలి. జట్టుని పంపేది ఎం.సి.సి. అనే పాత పెద్దమనుషుల క్లబ్బు. డొలివెరా జట్టులో ఉంటే ఏమవుతుంది? అక్కడి ప్రధానమంత్రి ఫోర్‌స్టర్ ఒప్పుకోడని ఎం.సి.సి. పెద్దలకి ముందే రహస్యంగా కబురందింది. దాన్ని వాళ్ళు బయటపెట్టలేదు. పైగా ఈయన అంతటీయనే తప్పుకుంటే ఎవరికీ చెడ్డపేరు రాదని ఆశపడ్డారు. దక్షిణాఫ్రికాకి చెందిన ఒక సిగరెట్ కంపెనీ మనిషి వచ్చి ఆయన్ని కలిశాడు. “అక్కడి మీవాళ్ళకి క్రికెట్ కోచ్‌గా రండి. ఏడాదికి 4,000 పౌన్లు, కారు, ఇల్లు. ఒక్కటే షరతు. జట్టు ఎంపిక కాకముందే, నేను అందుబాటులో లేను అని మీరు ప్రకటించాలి” అన్నది బేరం సారాంశం.

మిడిల్టన్‌లో 450 పౌన్లకి ఆడిన మనిషికి అది ఎంత డబ్బో ఆలోచించండి. పైగా పని ఏమిటి? తన పేట పిల్లలకి ఆట నేర్పడం. 1966లో ఆయన సెలవులకి వెళ్ళి ఊరికే చేసి వచ్చిన పనే అది. లంచం ఎప్పుడూ లంచంలా రాదు చూశారా, మంచిపని వేషం వేసుకుని వస్తుంది. ఆయన తటపటాయించాడు. చివరికి వద్దన్నాడు.

ఆ వేసవిలో ఆస్ట్రేలియాతో మొదటి టెస్టులో 87 పరుగులు చేసి కూడా తర్వాతి మ్యాచీల నుంచి తప్పించబడ్డాడు. ఆఖరి టెస్టు లండన్‌లోని ఓవల్ మైదానంలో. ప్రిడో అనే ఆటగాడికి జబ్బు చేసి రాలేకపోతే మళ్ళీ ఖాళీలో డొలివెరానే పిలిచారు. ఆయన జీవితంలో పెద్ద అవకాశాలన్నీ ఎవరో ఒకరు రాకపోవడం వల్ల వచ్చినవే! ఆగస్టు 22 సాయంకాలం బ్యాటింగుకి దిగాడు. ఆ బ్యాటు మీద ఒక దేశం పరువు ఉంది, ఇంకో దేశం భయం ఉంది. 31 దగ్గర ఆస్ట్రేలియా వికెట్ కీపర్ ఒక క్యాచ్ వదిలేశాడు. ఆ క్యాచ్ పట్టి ఉంటే ప్రపంచ చరిత్రే వేరేగా ఉండేది. మర్నాటికి 158 పరుగులు. మైదానమంతా లేచి నిలబడింది.

ఆఖరి రోజు మధ్యాహ్నం కుండపోత వర్షం కురిసి మైదానం చెరువైపోయింది. ఎండ రాగానే చూడవచ్చిన జనమే చీపుళ్ళూ గోనెలూ పుచ్చుకుని నీళ్ళు తోడేశారు. ఆట మళ్ళీ మొదలయ్యాక, కదలకుండా కూర్చున్న ఆస్ట్రేలియా జంటని విడదీసింది డొలివెరా బంతే. మిగిలిన నలుగురినీ అండర్‌వుడ్ చకచకా పంపించేశాడు. ఇంకా ఆరు నిమిషాలుందనగా ఇంగ్లండు గెలిచింది. ఇంక జట్టులో ఈయన చోటుకి తిరుగేముంది అనుకున్నారు అందరూ.

ఆ రాత్రి, ఆగస్టు 27న, సెలెక్టర్లు ఎనిమిది గంటలకి కూర్చుని రెండింటిదాకా చర్చించారు. మర్నాడు జట్టు పేర్లు రేడియోలో చదివారు. ఆ రోజు డొలివెరా వూస్టర్‌లో ససెక్స్ మీద 128 పరుగులు చేసి వచ్చి, తోటివాళ్ళతో కూర్చుని వింటున్నాడు. పేర్లన్నీ అయిపోయాయి. ఆయన పేరు రాలేదు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. తోటి ఆటగాడు, స్నేహితుడు టామ్ గ్రేవ్నీ ఆయన్ని పక్కగదిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ ఆ మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

“అంతకంటే మంచి ఆటగాళ్ళున్నారు, అందుకే” అన్నారు సెలెక్టర్లు. ఐదు రోజుల క్రితం 158 కొట్టిన మనిషి గురించి! జనం ఊరుకోలేదు. ఉత్తరాలు సంచులు సంచులుగా వచ్చాయి. ఎం.సి.సి. సభ్యులు కొందరు రాజీనామా ఇచ్చారు. ఒకప్పుడు ఇంగ్లండు కెప్టెన్‌గా ఉండి, తర్వాత మతగురువైన డేవిడ్ షెపర్డ్ సభ్యుల నిరసనకి ముందు నిలబడ్డాడు. డొలివెరా మాత్రం ఒక్క పరుషమైన మాట అనలేదు. ఎంపికైనవాళ్ళు బాగా ఆడాలని కోరుకుంటున్నానన్నాడు.

సెప్టెంబరు 16న కార్ట్‌రైట్ అనే బౌలర్ భుజం నొప్పితో తప్పుకున్నాడు. కార్ట్‌రైట్ బౌలర్, డొలివెరా ముఖ్యంగా బ్యాట్స్‌మన్. అయినా అదే సెలెక్టర్లు ఇప్పుడు డొలివెరా పేరు చేర్చారు. మర్నాడే ఫోర్‌స్టర్ బ్లూమ్‌ఫాంటైన్‌లో తన పార్టీవాళ్ళ సభలో, ఇది ఎం.సి.సి. జట్టు కాదు, వర్ణవివక్ష వ్యతిరేకుల జట్టు, దీన్ని రానివ్వం అన్నాడు. సభ చప్పట్లతో మారుమోగింది. సెప్టెంబరు 24న ఎం.సి.సి. ఆ యాత్ర రద్దు చేసుకుంది.

ఆ తర్వాత జరిగింది చూడండి. 1970లో దక్షిణాఫ్రికా జట్టు ఇంగ్లండు రావలసి ఉంటే జనం అడ్డుపడి ఆపించారు. ఆ ఏడాది నుంచి ఆ దేశంతో ఎవరూ టెస్టు ఆడలేదు. మనవాళ్ళు 1974లో డేవిస్ కప్ టెన్నిస్‌లో ఫైనల్‌దాకా వెళ్ళి, అవతలిది దక్షిణాఫ్రికా అని ఆడకుండానే కప్పు వదిలేశారు. ప్రపంచంలోకెల్లా గొప్పవాళ్ళలో ఒకడనిపించుకున్న బారీ రిచర్డ్స్ నాలుగే నాలుగు టెస్టులు ఆడి ఆగిపోయాడు. తలుపు వేసినవాళ్ళు లోపలే ఉండిపోయారన్నమాట.

డొలివెరా ఆట ఆగలేదు. 1969లో అల్లర్లతో అట్టుడుకుతున్న ఢాకాలో 114 కొట్టి అవుట్ కాకుండా నిలిచాడు. 1971లో ఆస్ట్రేలియాలో యాషెస్ గెలిచిన జట్టులో ఉన్నాడు. అదే ఏడాది ఆగస్టులో ఓవల్‌లో చంద్రశేఖర్ బంతులకి ఇంగ్లండు 101కి కుప్పకూలినప్పుడు డొలివెరా చేసింది 17. వెంకటరాఘవన్ బంతికి ఆయన కొట్టిన క్యాచ్ పట్టింది, ఎవరి బదులో మైదానంలోకి వచ్చిన మన హైదరాబాద్ జయంతీలాల్. గెలుపు పరుగులు కొట్టింది మన హైదరాబాద్ ఆబిద్ అలీ. ఆ వార్త విన్న రాత్రి మా ఇంట్లో మగవాళ్ళు తమంతట తామే గ్లాసులు కడిగి కాఫీ కలుపుకున్నారు. అలాంటి అద్భుతం మళ్ళీ చూడలేదు.

1972లో ఆఖరి టెస్టు. మొత్తం 44 టెస్టులు, 2,484 పరుగులు, 5 సెంచరీలు, సగటు 40కి పైన. ముప్ఫై నాలుగేళ్ళకి మొదలుపెట్టినవాడి లెక్కలివి. ఇరవై రెండేళ్ళకి మొదలుపెట్టి ఉంటే? ఆ ప్రశ్నకి జవాబు ఆ దేశమే చెప్పాలి.

తర్వాత 1980 నుంచి 1990 వరకు వూస్టర్‌షైర్‌కి కోచ్‌గా ఉన్నాడు. ఆ దశాబ్దంలో అక్కడికి జింబాబ్వే నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, గ్రేమ్ హిక్. 1988లో ఒక్క ఇన్నింగ్సులో 405 పరుగులు చేసి దిమ్మ తిరిగేలా చేశాడు. ఆ కుర్రాడు కూడా ఇంగ్లండు తరఫున ఆడడానికి ఏడేళ్ళు వేచి ఉండాల్సి వచ్చింది. వలసవచ్చి నిలదొక్కుకోవడమంటే ఏమిటో అతనికి ప్రత్యేకంగా చెప్పక్కర్లేని గురువు దొరికాడు. డొలివెరా కోచ్‌గా ఉండగానే 1988లోనూ 1989లోనూ వూస్టర్‌షైర్ ఛాంపియన్ అయింది. ఆ జట్టులో ఆయన కొడుకు డామియన్ ఉన్నాడు. తల్లి చంకనెక్కి సముద్రం దాటిన ఆ పసివాడే! తర్వాత డామియన్ కొడుకు బ్రెట్ అదే కౌంటీకి ఆడి కెప్టెన్ కూడా అయ్యాడు. పరాయి ఇల్లు మూడు తరాలకి సొంతిల్లయింది.

1991 నవంబరు 10న దక్షిణాఫ్రికా జట్టు మళ్ళీ ప్రపంచంలోకి అడుగుపెట్టింది. మొదటి మ్యాచి ఎక్కడనుకున్నారు? మన కలకత్తాలో, ఈడెన్ గార్డెన్స్‌లో. మొట్టమొదట వ్యాపారం తెంచుకున్న దేశమే మొట్టమొదట పీట వేసింది. 2000లో ఆ దేశం తమ శతాబ్దపు పదిమంది క్రికెటర్లని ఎంచుకుంటూ, ఒక్కసారి కూడా తమ జట్టులో ఆడనివ్వని డొలివెరాని అందులో చేర్చుకుంది. 2004 నుంచి ఆ రెండు దేశాలూ ఆడుకునే టెస్టు సిరీసులకి ఆయన పేరనే ట్రోఫీ పెట్టారు. 2011 నవంబరులో, ఎనభై ఏళ్ళ వయసులో, పార్కిన్సన్స్ వ్యాధితో ఇంగ్లండులోనే ఆయన కన్నుమూశాడు.

ఆయన మీద తనవాళ్ళకి ఒక ఫిర్యాదు ఉండేది. “నువ్వు గట్టిగా మాట్లాడవేం? సభలెక్కి ఉపన్యాసాలివ్వవేం?” అని. నిజమే, ఆయన ఉపన్యాసకుడు కాడు. నేను ఆట ఆడేవాణ్ణి, నా జవాబు ఆటలోనే ఉంటుందన్నట్టు ఉండిపోయాడు. దీని గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. మనలో చాలామందిమి అంతే కదా! నలుగురిలో లేచి మాట్లాడడం చేతకాదు. మాట్లాడకపోతే లొంగిపోయామనుకుంటారు. కాని ఊరుకోవడం వేరు, లొంగిపోవడం వేరు. ఫోర్‌స్టర్‌కి కావలసింది ఒక చిన్న మాట, ‘నేను రావడం లేదు’ అని. ఎం.సి.సి. పెద్దలకి కావలసిందీ అదే. దానికి ధర కూడా కట్టారు. ఆ ఒక్క మాట ఆయన అనలేదు, అంతే. తిట్టలేదు, అరవలేదు, గుమ్మం దగ్గర నిలబడి ‘వస్తున్నాను’ అన్నాడు. తలుపు వెయ్యాల్సిన పని వాళ్ళకే వదిలేశాడు. వాళ్ళు వేశారు, లోకమంతా చూసింది.

4,000 పౌన్లకి లొంగని ఆ మనిషి వెనకాల, కేప్‌టౌన్ కొండవాలు పేటలో ఒక 200 పౌన్ల అప్పుంది. కాగితం లేని అప్పు. కూరల డబ్బుల్లోంచి మిగిల్చి లాటరీ టిక్కెట్టు కొన్న పేరు తెలియని ఇల్లాళ్ళు ఆ పేటలో ఎందరో ఉండి ఉంటారు. ఆ అప్పు ఆయన ఓవల్‌లో 158 పరుగులతో కొంత తీర్చాడు. మిగతాది వద్దన్న ఆ ఒక్క మాటతో తీర్చేశాడు.